దత్తమండలాల దొరలు, డబ్లిన్ కోట

డబ్లిన్ కోట చూడడానికి మొదటిసారి వచ్చిన మనవాళ్ళు వాకిట్లో నిలబడి అడిగే ప్రశ్న ఒకటే: "ఇంతకీ కోట ఎక్కడ?" గోలకొండో, కొండపల్లో, గండికోటో చూసి పెరిగిన కళ్ళకి అది కోటలా ఆనదు మరి. ఊరిచుట్టూ తిరిగే ప్రాకారం లేదు, ఏనుగులు గుద్దకుండా మేకులు దిగేసిన తలుపులు లేవు. రాళ్ళు పరిచిన పెద్ద వాకిలి, దాని చుట్టూ ఇటుక మేడలు. మన పాత కలెక్టరాఫీసులకి కాస్త డబ్బూ దర్పం ఎక్కువైతే ఇలాగే ఉంటాయి. ఒక మూల మాత్రం లావుపాటి గుండ్రటి రాతి బురుజు ఉంది. ఇంగ్లండు రాజు జాన్ 1204లో కట్టమని హుకుం ఇచ్చిన కోటలో చెక్కుచెదరకుండా నిలిచిన బురుజు అదొక్కటే. 1684లో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక పాత కోట చాలావరకు పోయింది. తరువాత కట్టినవన్నీ ఆఫీసులూ దర్బారు హాళ్ళూ.

ఆఫీసులు అనే మాట కావాలనే వాడుతున్నాను. ఏడువందల ఏళ్ళు ఐర్లండుని ఇంగ్లండు పాలించింది ఈ ఆవరణ నుంచే. ఐరిష్ వాళ్ళ నోట "కాసిల్" అంటే గోడలూ బురుజులూ కాదు, సర్కారు. ఆ సర్కారు ప్రాపకం కోసం వెంపర్లాడేవాళ్ళని "కాసిల్ కేథలిక్కులు" అని వెక్కిరించేవాళ్ళు. రాజుకి బదులుగా ఇక్కడ కొలువుదీరిన పెద్దమనిషి అసలు హోదా లార్డ్ లెఫ్టినెంట్. జనం వైస్రాయి అనేవారు. మనకి అలవాటైన మాట కనక నేనూ అలాగే అంటాను.

మేం ఉండే క్లాండాల్కిన్ డబ్లిన్‌కి పడమటి వైపు ఉంది. ఇప్పుడు నగరంలో కలిసిపోయినట్టే ఉంటుంది కానీ నిజానికి డబ్లిన్ కన్నా ముందు పుట్టిన ఊరు. మోచువా అనే సాధువు ఇక్కడ మఠం పెట్టాడు. ఆ మఠానికి గుర్తుగా సుమారు 25 మీటర్ల ఎత్తున, సన్నగా, కొసన టోపీ పెట్టుకున్నట్టు ఒక రాతి గోపురం ఇప్పటికీ నిలబడి ఉంది. 1787లో ఊళ్ళోని తుపాకిమందు మిల్లు పేలి ఆ పక్కనున్న చర్చి కూలిపోయినా దీనికి ఏమీ కాలేదట. డబ్లిన్‌ని ఏలిన వైకింగు రాజు ఓలాఫ్ ఇక్కడే ఒక కోట కట్టుకుంటే, 867 ప్రాంతంలో ఐరిష్ వాళ్ళు దాన్ని తగలబెట్టారు. మా ఊరికి కోటలంటే పడదని నేను సరదాగా అంటూ ఉంటాను. ఇప్పుడు ఊరికి ఉన్న సర్కారల్లా కాలువ తొమ్మిదో లాకు పేరున్న రోడ్డులోని కౌన్సిల్ ఆఫీసు. 1994లో డబ్లిన్ కౌంటీని మూడు ముక్కలు చేసినప్పుడు ఏర్పడిన సౌత్ డబ్లిన్ కౌంటీ కౌన్సిల్‌ది అది. ఆ కౌన్సిల్ ముద్ర మీద ఐరిష్ భాషలో ఒక మాట ఉంటుంది. మన మాటల్లో చెప్పాలంటే, ఇది మాకు అప్పగించిన సొత్తు అని.

రెడ్ కౌ దగ్గర లువాస్ ట్రామ్ ఎక్కి, ఫోర్ కోర్ట్స్ దగ్గర దిగి, లిఫీ నది దాటి పది నిమిషాలు నడిస్తే కోట. భారతదేశం నుంచి ఎవరొచ్చినా తీసుకెళ్ళడం మా ఇంట్లో ఆనవాయితీ అయిపోయింది. కిందటిసారి మా పెద్దమామయ్య వచ్చారు. జమ్మలమడుగు దగ్గర హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మ్యూజియంలో ఏ అట్టముక్క మీద ఏం రాసి ఉన్నా చివరిదాకా చదివితేగానీ కదలరు. ఆయనతో వెళ్ళాక ఆ భవనం నాకు పూర్తిగా వేరే భవనమైపోయింది. ఈ వ్యాసానికి కారణం ఆయనే.

టూరు నేలమాళిగలోంచి మొదలైంది. పాత బురుజు పునాదులు, వాటి కింద వైకింగులు వేసిన కట్ట, పక్కనే చీకట్లో కొంచెం నీళ్ళు. అవి పోడిల్ అనే చిన్న నదివి. ఆ నది లిఫీలో కలిసేముందు ఇక్కడ ఒక నల్లటి మడుగు కట్టేది. నల్లమడుగు అనే మాటకి ఐరిష్ "దుబ్ లిన్". నగరానికి పేరు అక్కణ్ణుంచే వచ్చింది. నది ఇప్పుడు భూమి కింద గొట్టాల్లో పారుతోంది.

పైకి వచ్చాక దర్బారు గదులు. సింహాసనం గదిలోని సింహాసనం 1821లో నాలుగో జార్జి రాజు వచ్చినప్పటిది. సెయింట్ పాట్రిక్ హాలు మాత్రం నిదానంగా చూడాలి. పైకప్పు నిండా విన్చెంజో వాల్ద్రే అనే ఇటలీ చిత్రకారుడు 1788 తరువాత వేసిన బొమ్మలున్నాయి. ఒకదాంట్లో ఐరిష్ నాయకులు ఇంగ్లండు రాజు రెండో హెన్రీ ముందు తలవంచి లొంగిపోతుంటారు. సరిగ్గా ఆ బొమ్మ కిందనే 1938 నుంచీ స్వతంత్ర ఐర్లండు అధ్యక్షులు ప్రమాణ స్వీకారం చేస్తున్నారు! సున్నం కొట్టించి ఆ బొమ్మని చెరిపేయాలని ఎవరికీ తోచలేదా అని మామయ్య గైడుని అడిగారు. ఆ అమ్మాయి నవ్వి, "చెరిపేస్తే ఏం జరిగిందో పిల్లలకి ఎలా చూపిస్తాం?" అంది. హైదరాబాదు సచివాలయంలో ఆరో నిజాం నాటి సైఫాబాద్ ప్యాలెస్ ఉండేది, మనం జీ బ్లాకు అనేవాళ్ళం. 1888లో కట్టిన ఆ భవనాన్ని 2020లో మిగతా బ్లాకులతోపాటు కూలగొట్టారు. వాస్తు అన్నారు, పాతబడిపోయింది అన్నారు. ఈ హాల్లో నిలబడితే అది గుర్తుకు రాక మానదు. అయినా ఇప్పుడు చెప్పదలచింది అది కాదు.

చెప్పదలచింది కోట చాపెల్‌లో మొదలవుతుంది. చాపెల్ రాయల్ 1814లో తెరిచిన చర్చి. లోపల మేడవసారాల మీద, కిటికీ అద్దాల మీద, 1172లో వచ్చిన హ్యూ డి లేసీ దగ్గర్నుంచి ఐర్లండుని ఏలిన రాజప్రతినిధుల లాంఛనాలు వరసగా ఉంటాయి. చివరి ఖాళీ 1922లో చివరి వైస్రాయి లాంఛనంతో నిండిపోయింది. ఇంకొకరికి చోటు లేదు. అదేదో ముందే రాసిపెట్టినట్టు ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. మేం ఎన్నోసార్లు చూసి, "బాగున్నాయి" అనుకుని వచ్చేసినవే. మామయ్య కళ్ళద్దాలు సర్దుకుని పేర్లు వెతకడం మొదలుపెట్టారు. కాసేపటికి నా మోచెయ్యి పట్టుకుని, "ఒరే, కారన్‌వాలిస్! వెల్లస్లీ! వీళ్ళు మన వాళ్ళు కదరా!" అన్నారు.

మన వాళ్ళంటే మన నెత్తినెక్కిన వాళ్ళని.

కారన్‌వాలిస్‌ని మనం శాశ్వత శిస్తు పద్ధతి దగ్గర చదువుకున్నాం. 1786 నుంచి 1793 దాకా భారతదేశంలో గవర్నర్ జనరల్. 1788లో నిజాం మీద ఒత్తిడి తెచ్చి గుంటూరు సర్కారు తీసుకున్నది ఆయన హయాంలోనే. 1793లో బెంగాల్లో పెట్టిన జమీందారీ పద్ధతిని 1802లో ఉత్తర సర్కార్లకి కూడా తెచ్చారు. 1792లో టిప్పుని ఓడించి, శ్రీరంగపట్నం సంధిలో గెలిచిన భూములు పంచినప్పుడు కడప, గండికోట నిజాం వంతుకి వచ్చాయి. ఇదే కారన్‌వాలిస్ 1798లో ఐర్లండు వైస్రాయిగా ఈ కోటలో దిగాడు.

వెల్లస్లీ కథ తిరగేసి నడిచింది. ఆయనది ఐర్లండులో స్థిరపడిన కుటుంబమే, మీత్ కౌంటీలో వాళ్ళకి డాంగన్ కోట ఉండేది. వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించిన వెల్లింగ్టన్ ఈయన తమ్ముడు. అన్న 1798లో కలకత్తాకి గవర్నర్ జనరల్‌గా వెళ్ళాడు. 1799లో టిప్పు చనిపోయాక గుత్తి, గుర్రంకొండ ప్రాంతాలు కూడా నిజాం చేతికొచ్చాయి. ఏడాదిన్నర తిరక్కముందే ఇచ్చినవన్నీ వెనక్కి లాగేసుకున్నాడు. ఎలాగంటే, నిజాం తన రక్షణ కోసం కంపెనీ సైన్యాన్ని పోషించాలి కదా, ఆ ఖర్చు కింద డబ్బుకి బదులు భూమి ఇమ్మన్నాడు. 1800 అక్టోబరు 12న నిజాం అలీఖాన్ సంతకం పెట్టాడు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతం కంపెనీ అజమాయిషీలోకి పోయింది. ఇంగ్లీషులో సీడెడ్ జిల్లాలు, మనకి దత్తమండలాలు. దత్తం అంటే ఇష్టపూర్వకంగా ఇచ్చింది అని అర్థం. సైన్యాన్ని ఇంటిముందు నిలబెట్టి రాయించుకున్న దానికి ఆ పేరు! 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ అనే పేరు ప్రతిపాదించేదాకా ఆ మాటే మా నుదుటి మీద ఉండిపోయింది.

టిప్పు మీద గెలుపుకి ఆయనకి మార్క్విస్ బిరుదు ఇచ్చారు. తీరా చూస్తే అది ఐరిష్ ప్రభువర్గంలో హోదా. ఇంగ్లండు బిరుదు ఇవ్వనందుకు ఒళ్ళు మండి, రెండు పూతలు బంగారం పూసిన బంగాళాదుంప ఇచ్చారని ఉడుక్కున్నాడట. మా గండికోటని నిజాంకి ఒకరిస్తే మరొకరు లాక్కున్నారు, లాక్కున్నవాడికి వచ్చిన బహుమతి అతని కళ్ళకి ఒక బంగాళాదుంప.

మామయ్య చాపెల్ బల్లమీద కూర్చుని తేదీలు వేశారు. నేను ఫోన్లో సరిచూస్తూ పోయాను. ఆ వరసని ఇలా పక్కపక్కన పెట్టి చూడడం నాకు అదే మొదలు. 1798 ఆగస్టు 22న ఫ్రెంచి సైన్యం ఐర్లండు పడమటి తీరంలో కిలాలా దగ్గర దిగింది, తిరుగుబాటుదార్లకి సాయంగా. సెప్టెంబరు 1న హైదరాబాదులో వెల్లస్లీ తరఫున సంధి జరిగింది. నిజాం కొలువులోని ఫ్రెంచి పటాలాన్ని రద్దుచేసి ఇంగ్లీషు పటాలం పెట్టుకోవాలన్నది అందులో ముఖ్యమైన షరతు. సరిగ్గా వారానికి, సెప్టెంబరు 8న, కారన్‌వాలిస్ సైన్యం బాలినమక్ దగ్గర ఫ్రెంచివాళ్ళని లొంగదీసింది. ఆ పటాలాన్ని పెంచిన రేమండ్ సమాధి మూసారాంబాగులో ఉందని హైదరాబాదు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అక్కడా ఇక్కడా భయం ఒకటే, ఫ్రాన్సు. అక్కడా ఇక్కడా దానికి కనిపెట్టిన మందూ ఒకటే: మిమ్మల్ని కాపాడాలంటే మీరు మా చేతిలో ఉండాలి.

ఆ మందు మోతాదు 1800లో పెంచారు. ఆ ఏడాది ఐర్లండు పార్లమెంటు తనని తాను రద్దు చేసుకుంటూ చట్టం చేసింది. చట్టం పేరు యూనియన్, అంటే కలయిక. ఓట్ల కోసం పదవులు, పెన్షన్లు, బిరుదులు పంచిపెట్టారు. ఈ బేరాలు చెయ్యాల్సిన కారన్‌వాలిస్ తనకే అసహ్యంగా ఉందని ఉత్తరాలు రాసుకున్నాడు. రాసుకుంటూనే పని పూర్తి చేశాడు. ఆగస్టు 1న రాజు ఆమోదం వచ్చింది. అది జరిగిన పదివారాలకి అక్టోబరు 12న మాది దత్తం. ఒక దేశానికి కలయిక, ఒక సీమకి దానం. కాగితం మీద పెట్టిన పేర్లు రెండూ మంచివే.

మన పాఠ్యపుస్తకాల్లో బ్రిటిష్ పాలన అంటే లండన్ నుంచి నేరుగా మన మీదకి దిగినట్టు ఉంటుంది. ఐరిష్ పుస్తకాల్లో కూడా లండన్‌కీ డబ్లిన్‌కీ మధ్య కథే ఉంటుందని ఇక్కడ చదువుకుంటున్న మా పిల్లల్ని చూస్తే అనిపిస్తుంది. రెంటినీ కలిపి చూస్తే కానీ అసలు పద్ధతి కనబడదు. దొరలకి మనం వేరు, ఐరిష్ వాళ్ళు వేరు అన్న పట్టింపు అంతగా లేదు. రెండూ పోస్టింగులే. డిప్యూటీ కలెక్టరు మదనపల్లె నుంచి ఆదోనికి ట్రాన్స్‌ఫరైనట్టు బెంగాల్ నుంచి డబ్లిన్‌కి వచ్చేవాళ్ళు. ఒకచోట పనిచేసిన కిటుకు ఇంకోచోట ప్రయోగించేవాళ్ళు.

వెల్లస్లీ 1821 డిసెంబరులో వైస్రాయిగా ఈ కోటకి వచ్చాడు. ఇక్కడ ఆయన్ని చూస్తే మన వెల్లస్లీయేనా అనిపిస్తుంది. కేథలిక్కులకి సమాన హక్కులు ఇవ్వాలన్న పక్షం ఆయనది. అందుకు ఒళ్ళు మండిన ప్రొటెస్టెంటు ఆరెంజి వర్గం వాళ్ళు 1822 డిసెంబరులో థియేటర్ రాయల్‌లో నాటకం చూస్తున్న వైస్రాయి మీదికి సీసా విసిరారు. గస్తీవాళ్ళు తిప్పే చెక్క గిలక్కాయ కూడా ఒకటి విసిరారు. చరిత్రలో దీని పేరు సీసా అల్లరి. నిజాంనీ మైసూరునీ మరాఠాలనీ వంచిన మనిషి మీద చెయ్యెత్తింది, రాజుకి అందరికన్నా మేమే విధేయులమని చెప్పుకునేవాళ్ళు! 1825లో ఆయన మేరియాన్ పాటర్సన్ అనే అమెరికన్ కేథలిక్ వితంతువుని పెళ్ళి చేసుకున్నాడు. 1828లో తమ్ముడు వెల్లింగ్టన్ ప్రధాని అయ్యాక, కేథలిక్కుల విషయంలో మాట కుదరక రాజీనామా చేశాడు. మరుసటి ఏడే ఆ తమ్ముడే ఆ చట్టం చేయాల్సి వచ్చింది.

కనక మంచివాడా చెడ్డవాడా అని మామయ్యని అడిగాను. "మంచీ చెడూ నాకెందుకురా, శిస్తు సంగతి చెప్పు" అన్నారు. ఆ మాట సరైనదే. దత్తమండలాలు చేతికి రాగానే 1800లో థామస్ మన్రోని ప్రిన్సిపల్ కలెక్టరుగా వేశారు. 1807 దాకా ఊరూరా తిరిగి చేలు కొలిపించి రైతువారీకి దారి వేశాడు. పాలెగాళ్ళని అణచి, కొందరికి పెన్షన్లు ఇచ్చి కూర్చోబెట్టాడు. మన్రో మీద మా సీమలో అభిమానమూ ఉంది. పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న కుటుంబాలు ఉండేవి. 1827లో కలరా వచ్చి పత్తికొండలో పోయాడు. కానీ ఆ పెన్షన్ల లెక్క అక్కడితో తేలలేదు. నెలకి 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణం, దాని వెనక పోయిన మాన్యాలు, మర్యాదలు. ఆ రగడలోంచి లేచిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు.

ఆ 1847ని ఐర్లండులో ఇప్పటికీ నల్ల నలభై ఏడు అంటారు. 1845 నుంచి బంగాళాదుంప పంట వరసగా కుళ్ళిపోయి వచ్చిన కరువులో అన్నిటికన్నా ఘోరమైన ఏడాది అది. ఆ కరువు ముగిసేసరికి సుమారు పది లక్షలమంది చనిపోయారు. ఇంకో పది లక్షల పైన జనం ఓడలెక్కారు. దేశంలోంచి ధాన్యం ఎగుమతి అవుతూనే ఉంది. లండన్ ఖజానాలో కూర్చుని, సర్కారు సాయం ఎక్కువైతే జనం సోమరులవుతారని లెక్కగట్టిన అధికారి చార్లెస్ ట్రెవెల్యన్. ఐర్లండులో రగ్బీ మ్యాచికి వెళితే స్టేడియం అంతా పాడే "ఏథెన్‌రై పొలాలు" పాటలో ఆయన పేరు వినబడుతుంది. ఆ ట్రెవెల్యన్ 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు! అంటే కడపకీ కర్నూలుకీ గుంటూరుకీ కూడా ఆయనే దొర. కొత్త ఆదాయపు పన్నుని బహిరంగంగా వ్యతిరేకించి 1860లో పదవి పోగొట్టుకున్నాడు. మద్రాసు పోలీసు చట్టం వచ్చింది ఆయన ఉన్న 1859లోనే. పోలీసుల సంగతి కూడా ఇక్కడ కొంత చెప్పాలి. వెల్లస్లీ వైస్రాయిగా ఉన్న 1822లో ఐర్లండు కౌంటీల్లో ఆయుధాలు పట్టిన కానిస్టేబుళ్ళ దళం పెట్టారు. 1843లో సింధులో నేపియర్ పోలీసుల్ని పెట్టినప్పుడు ఆ దళాన్నే నమూనాగా తీసుకున్నాడు. 1861 పోలీసు చట్టం మీదా ఆ నీడ ఉంది. మా ఊరి ఠాణా గోడకి చెవి పెడితే డబ్లిన్ కోట వినబడుతుందన్నమాట.

ఇదంతా చెప్పి ఐరిష్ వాళ్ళూ మనమూ ఒకే చెట్టుకి కట్టిన గొడ్లమని అనేస్తే సుళువుగా ఉంటుంది. ఇక్కడి మిత్రులు పార్టీల్లో ఆ మాట తరచు అంటారు, మనమూ సంతోషంగా తలూపుతాం. పూర్తిగా నిజం కాదు. కంపెనీ తెల్ల సిపాయిల్లో ఐరిష్ వాళ్ళు చాలామంది. ఆకలికి తాళలేక చేరినవాళ్ళే ఎక్కువ కావచ్చు, కానీ తుపాకి గురిపెట్టింది మన మీద. ఫీనిక్స్ పార్కులో 62 మీటర్ల ఎత్తున వెల్లింగ్టన్ స్తంభం ఉంది. దాని మొదట్లో కంచు పలకల మీద బొమ్మలున్నాయి. వాటర్లూ ఒక పక్క, భారతదేశ యుద్ధాలు ఒక పక్క. ఆదివారాలు మన కుటుంబాలు ఆ పలకల కిందే దుప్పట్లు పరుచుకుని పులిహోర తింటాయి. ఎవరి యుద్ధమో ఎవరూ చూడరు. అదే సమయంలో 1920లో జలంధర్‌లో కనాట్ రేంజర్స్ సిపాయిలు ఐర్లండులో జరుగుతున్న అత్యాచారాలకి నిరసనగా తుపాకులు కింద పెట్టారన్నదీ నిజమే. ఆ రెజిమెంటువాడైన జేమ్స్ డాలీని కాల్చి చంపారు.

1922 జనవరి 16న ఈ కోటని మైకేల్ కాలిన్స్‌కి అప్పగించారు. ఎగువ వాకిట్లో, ఇప్పుడు పర్యాటకులు ఫొటోలు దిగేచోటే ఆయన కారు దిగాడు. ఏడు నెలలు గడిచాయి. ఆగస్టు 22న అంతర్యుద్ధంలో తన దేశంవాళ్ళ తుపాకికే చనిపోయాడు. కోట పక్కనున్న సిటీ హాల్లో శవాన్ని ఉంచితే జనం బారులు తీరి చూశారు. మామయ్య తేదీ వినగానే ఆగిపోయారు. అదే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీద మొదటి దాడి చేశాడు. ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశమే లేదు. తేదీలు కలవడానికి అర్థం వెతకనక్కర్లేదు కూడా. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఆగస్టు 22 మామూలు తేదీ కాకుండా పోయింది.

బయటికి వచ్చే ద్వారం మీద న్యాయదేవత విగ్రహం ఉంది. ఆమె ముఖం కోట వైపు, వీపు ఊరి వైపు. డబ్లిన్ జనం దానిమీద మొరటు జోకులు చాలా వేస్తారు. ఆమె చేతిలో త్రాసు ఉంది. వానొస్తే ఒక తట్టలో నీళ్ళు నిండి అటే వంగిపోయేదట. చివరికి తట్టలకి చిల్లులు పెట్టారు.

ఆ ద్వారం కింద నిలబడి మామయ్య గైడుకి ఒక సంగతి చెప్పారు. 1913లో బరంపురం నుంచి ఒక తెలుగు కుర్రాడు న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వచ్చాడు. యూనివర్సిటీ కాలేజీలో చేరాడు. 1916 ఈస్టరు తిరుగుబాటులో పాల్గొని ప్రాణాలిచ్చిన థామస్ మెక్‌డొనా అప్పుడు అదే కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. తిరుగుబాటు తరువాత, ఐరిష్ ఉద్యమంతో సంబంధం ఉందన్న అనుమానంతో, దేశం విడిచి వెళ్ళమని ఆ కుర్రాడికి తాఖీదు అందింది. అతను ఇంటికి వెళ్ళి కార్మిక సంఘాలు కట్టాడు, మంత్రి అయ్యాడు, 1969లో రాష్ట్రపతిగా ఢిల్లీలో వైస్రాయిల కోసం కట్టిన ఇంట్లో కాపురం పెట్టాడు. గైడు ఈ కథ వినలేదట. వి.వి. గిరి అన్న పేరు జేబులోని చిన్న పుస్తకంలో రాసుకుని, మొదటి 'వి'కి విస్తరణ ఏమిటని అడిగింది. మామయ్య వరాహగిరి అన్నారు. ఆ అమ్మాయికి ఒక్కొక్క అక్షరమే చెప్పి రాయించేసరికి తరువాతి టూరు వాళ్ళు వచ్చేశారు.